లద్దాఖ్ ఫొటో టూర్‌కు వెళ్తున్నారా? బ్యాగులో ఏం ఉండాలి.. ఏది ఇంట్లోనే వదిలేయాలి..

హైదరాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు చెమటలు.. ఢిల్లీలో మారి లేహ్‌లో దిగేసరికి చల్లగాలి, కాస్త ఆయాసం. లద్దాఖ్‌కు వెళ్లే ఫొటోగ్రాఫర్లకు ఎదురయ్యే మొదటి సీన్ ఇదే. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాదంతా కలిపినా వాన 100 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇది శీతల ఎడారి. పగలు మాడ్చే ఎండ, రాత్రి గడ్డకట్టించే చలి, మధ్యలో దుమ్ము. ఈ మూడింటినీ తట్టుకునేలా బ్యాగ్ సర్దుకోవాలి. అది మోయలేనంత బరువూ కాకూడదు.

బరువు ఎందుకంత ముఖ్యం?

లేహ్‌లో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఊళ్లో అలవోకగా భుజాన వేసుకునే పది కిలోల బ్యాగ్ అక్కడ నాలుగు మెట్లకే కూర్చోబెడుతుంది. మొదటి రెండు రోజులు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోవాలని చెప్పేది ఇందుకే. తలనొప్పి, వాంతులు ఎక్కువైనా, కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా ఇక ఫొటోల సంగతి పక్కనపెట్టి కిందికి దిగాల్సిందే. డయామాక్స్ లాంటి మాత్రలు వేసుకోవాలనుకుంటే బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాలి.

కాబట్టి లెన్సులు రెండు చాలు. ఆకాశానికి, లోయలకు ఒక వైడ్ లెన్స్. చాంగ్‌తాంగ్‌లో తిరిగే కియాంగ్ అనే అడవి గాడిదలకు, నల్లమెడ కొంగలకు ఒక జూమ్ లెన్స్. జూమ్ ఉంటే వాటి వెంట బండి పరుగెత్తించే పని ఉండదు. పాపం, ఆ గాలిలో పరుగు వాటికీ కష్టమే. మూడో లెన్స్ పట్టుకెళ్లినా చాలామంది దాన్ని రూమ్‌లోనే పెట్టి తిరుగుతారు.

బ్యాటరీలు జేబులో.. హార్డ్ డిస్క్ ఇంట్లో

చలిలో లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. పూర్తిగా చార్జ్ చేసినదీ ఉన్నట్టుండి ఖాళీ అయినట్టు చూపిస్తుంది. స్పేర్ బ్యాటరీలను బ్యాగులో కాకుండా చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి. చల్లబడి ఆగిపోయినదాన్ని పారేయక్కర్లేదు.. కాసేపు జేబులో ఉంచితే మళ్లీ కొంత పనిచేస్తుంది. మొబైల్‌తో వీడియో తీసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడాలని కంపెనీయే చెబుతోంది. అంటే రాత్రి చలికి ఫోన్ ఆగిపోవచ్చు, మధ్యాహ్నం కారు డ్యాష్‌బోర్డ్ మీద పెడితే వేడెక్కీ ఆగిపోవచ్చు.

విమానంలో పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపు వాటికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్-అవర్లే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాత రకం తిరిగే హార్డ్ డిస్క్‌లో డేటా చదివే హెడ్, పల్చటి గాలి పొర మీద తేలుతూ పనిచేస్తుంది. గాలి పలచబడితే హెడ్ డిస్క్‌కు తగిలే ప్రమాదం ఉంటుంది. ఇలాంటి చాలా డిస్కులకు కంపెనీలు పెట్టిన పరిమితి సుమారు 3,000 మీటర్లు. లేహ్ ఎయిర్‌పోర్టే దాన్ని దాటేసింది! బ్యాకప్‌కు ఎస్‌ఎస్‌డీ తీసుకెళ్లడమే మంచిది. ఒకే పెద్ద మెమరీ కార్డుకు బదులు చిన్నవి రెండు మూడు ఉంటే ఒకటి పోయినా టూరంతా పోదు.

వేడి గదిలోకి వచ్చారా.. జిప్ తీయొద్దు

రాత్రంతా బయట చల్లబడిన కెమెరాను నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు పట్టినట్టే లెన్స్‌కూ లోపలి భాగాలకూ నీటి చెమ్మ పడుతుంది. గదిలోకి రాకముందే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి మూసేయాలి. చెమ్మ కవర్ బయట పడుతుంది. గంటా రెండు గంటల తర్వాతే తెరవాలి. అప్పటిదాకా ఫొటోలు చూసుకోవాలనే తొందర ఆగదు కాబట్టి కార్డు, బ్యాటరీ బయటే తీసేసుకోవడం తెలివైన పని.

నుబ్రాలోని హుండర్ ఇసుక తిన్నెల దగ్గర లెన్స్ మార్చకపోవడమే మేలు. ఇసుక పడితే ముందు గాలి బ్లోయర్ కొట్టాలి, ఆ తర్వాతే గుడ్డ. ముందే తుడిస్తే గాజు గీతలు పడుతుంది. సన్‌స్క్రీన్ ట్యూబును మాత్రం లెన్సుల దగ్గర పెట్టొద్దు. ఆ ఎత్తులో చిప్స్ ప్యాకెట్లు ఎలా ఉబ్బుతాయో, ట్యూబు మూత తీయగానే క్రీమ్ అలాగే చిమ్ముతుంది.

హాన్లేలో ఎర్ర లైటు

2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించిన హాన్లే, పాలపుంత ఫొటోలకు పెట్టింది పేరు. పక్కనే కొండ మీద, సుమారు 4,500 మీటర్ల ఎత్తులో హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. అందుకే అక్కడ తెల్లటి లైట్లు, కారు హై బీమ్ వాడకూడదు. ఎర్ర లైటున్న హెడ్ టార్చ్ తప్పనిసరి. ట్రైపాడ్ కూడా వదలకూడనిదే. గాలికి ఊగకుండా మధ్య కొక్కేనికి బ్యాగ్ తగిలించొచ్చు. అల్యూమినియం కాళ్లను చలిలో ముట్టుకోలేం, వాటికి ఫోమ్ టేప్ చుట్టుకుంటే సరి. సరిహద్దు ప్రాంతం కాబట్టి డ్రోన్ ఇంట్లోనే ఉండటం మంచిది. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

బట్టల సంగతేంటి?

ఒకే ఒక్క మందపాటి స్వెటర్ కొని నిశ్చింతగా ఉండేవాళ్లు మనలో ఎక్కువ. దానికంటే పొరలు మేలు. ఒంటికి అతుక్కునే థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్. ఎండలో ఒక్కోటి తీసేయొచ్చు, రాత్రికి మళ్లీ వేసుకోవచ్చు. జీన్స్, కాటన్ బనియన్లు చెమట పీల్చుకుని ఆరవు, చలిలో ఒళ్లు చల్లబడేది వాటివల్లే. చేతులకు రెండు జతలు కావాలి. బటన్లు నొక్కడానికి పల్చటి గ్లోవ్స్, వాటి మీద మందపాటివి. ఉన్ని సాక్సులు రెండు మూడు జతలు. ఇక నవ్వులాటగా చూసే మంకీ క్యాప్.. హాన్లే రాత్రిలో దానికి సాటి వచ్చేది లేదు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీల లోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది కాబట్టి నల్ల కళ్లద్దాలు, లిప్ బామ్ చలి బట్టలతో పాటే సర్దుకోవాలి.