కూలిన విమానం ఎవరిది? అపోహలు – వాస్తవాలు

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక చిన్న విమానం కూలింది. కాసేపటికే వార్త రాష్ట్రమంతా పాకింది. హెలికాప్టర్ కూలిందన్నారు, ఇద్దరు పైలట్లు చనిపోయారన్నారు. రెండు మాటలూ తప్పే. కూలింది సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానం. నాగార్జునసాగర్ దగ్గర నడిచే ఒక ప్రైవేటు శిక్షణ సంస్థది. అందులో ఉన్నది ఒక్కరే, పైలట్ కావాలని నేర్చుకుంటున్న యువతి. ఆమె ప్రాణం పోయింది.

మరి ఆ రెండో మృతుడెవరు? అట్లాంటి మనిషే లేడు. కళ్లముందు మంటలో పొగో చూసిన రైతు కంగారులో పొరబడితే అర్థం చేసుకోవచ్చు. ఎక్కడో ఇంట్లో కూర్చుని, కనుక్కోకుండానే ఆ మాటను పది గ్రూపుల్లోకి తోసేవాళ్లను మాత్రం క్షమించలేం. అట్లాంటి సంస్థలో బిడ్డను చేర్పించిన తల్లిదండ్రులు ఆ వార్త చూసి ఏమైపోతారో ఒక్క క్షణం ఆలోచించలేదు.

అయితే దీనికంటే లోతుగా పాతుకున్న అపోహ వేరే ఉంది. మన మూడు జిల్లాల్లో, జనగామలో అడిగినా, మహబూబాబాద్‌లో అడిగినా, భూపాలపల్లిలో అడిగినా వినిపించే మాటే అది: "చిన్న విమానం కూలిందంటే మిలిటరీదే. మిలిటరీది కాబట్టి అసలు సంగతి బయటికి రానియ్యరు." ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఎట్లాగూ దాస్తారనుకున్నవాడు చూసింది చెప్పడానికి ముందుకు రాడు. నివేదిక వచ్చిందా అని అడగడు. శకలాన్ని ఇంటికి తీసుకుపోయినా తప్పనుకోడు.

2018 నవంబరు సంగతే తీసుకుందాం. ఆ ఒక్క నెలలో హైదరాబాద్ చుట్టుపక్కల రెండు శిక్షణ విమానాలు కూలాయి. ఒకటి శంకర్‌పల్లి మండలం మోకిల దగ్గర పడిన సెస్నా. అది పౌర శిక్షణ సంస్థది, నడుపుతున్న శిక్షణార్థి గాయాలతో బతికాడు. రెండోది జనగామకు పొరుగునే ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలో పడిన కిరణ్ జెట్. అది హకీంపేట వైమానిక స్థావరానిది, పైలట్ బయటికి దూకి బతికాడు. చూసేవాళ్లకు రెండూ పొలంలో పడిన చిన్న విమానాలే. చట్టం దృష్టిలో మాత్రం రెండింటి దారులు వేరు.

పౌర విమానం కూలితే పౌర విమానయాన శాఖ కింద 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో, అంటే ఏఏఐబీ, రంగంలోకి దిగుతుంది. విమాన ప్రమాదాల దర్యాప్తు నియమాలు దానికి ఆధారం. తప్పు ఎవరి నెత్తిన వేయాలన్నది దాని పని కాదు, అట్లాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా ఏం చేయాలో తేల్చడం దాని పని. తుది నివేదికలను అందరూ చదువుకునేలా వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఆలస్యం అవుతుందా? అవుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఆలస్యమైందని అడగాల్సింది పోయి దాచేశారని తీర్పు చెప్పేస్తే, అడిగే హక్కును మనమే వదులుకున్నట్టు.

సైన్యం పని మీద ఎగురుతున్న విమానమైతే సైన్యం ఖాతాలోకే పోతుందని ఇంకొందరు వాదిస్తారు. అదీ నిజం కాదు. సైనికులకు తర్ఫీదు ఇవ్వడానికి శత్రు విమానంలా నటించడం, గురిపెట్టే లక్ష్యాలను లాక్కెళ్లడం, రాడార్లను తికమకపెట్టడం లాంటి పనులను చాలా దేశాల్లో ప్రైవేటు కంపెనీలు ఒప్పందం మీద చేస్తాయి. 2023 మే 10న అమెరికాలో ఫీనిక్స్ ఎయిర్ అనే కంపెనీ లియర్‌జెట్ నౌకాదళ శిక్షణకు తోడుగా ఎగురుతూ కాలిఫోర్నియా తీరంలో శాన్ క్లెమెంటే ద్వీపం దగ్గర కూలింది. ముగ్గురు చనిపోయారు. దర్యాప్తు చేసింది నౌకాదళం కాదు, అక్కడి పౌర రవాణా భద్రతా బోర్డు. 2018 డిసెంబరులో హోనొలులు దగ్గర సముద్రంలో పడిన హాకర్ హంటర్ చూడటానికి అచ్చమైన యుద్ధ విమానమే, సైనిక విన్యాసాల్లోనే ఉంది. అయినా అది కంపెనీ పేరిట నమోదైన పౌర విమానం, కాబట్టి దాన్నీ ఆ బోర్డే పరిశీలించింది. విమానం ఎవరి పేరిట నమోదైందో ముందు చూడాలి, ఏ పని మీద ఎగిరిందన్నది ఆ తర్వాత.

ఎవరిదో గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు. మన దేశంలో నమోదైన ప్రతి పౌర విమానం మీదా వీటీ అనే రెండక్షరాలతో మొదలయ్యే నమోదు సంకేతం ఇంగ్లిషులో రాసి ఉంటుంది. వైమానిక దళానిదైతే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాల గుర్తు ఉంటుంది.

ఇక ఒప్పుకోక తప్పని విషయం ఒకటుంది. 2023 డిసెంబరు 4న దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ నుంచి లేచిన పిలాటస్ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. వైమానిక దళం ఆ రోజే ఆ సంగతి ప్రకటించింది, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేసింది. కాబట్టి ప్రమాదాన్ని దాచారనడం అబద్ధం. కానీ అట్లాంటి విచారణల పూర్తి నివేదికలు మామూలు జనానికి అందవు. మిలిటరీ విమానాల వరకు జనం అనుమానంలో కొంత న్యాయం ఉంది. దాన్ని పౌర విమానాలకూ అంటగట్టడమే తప్పు.

మిగతావి త్వరగా తేల్చేయవచ్చు. బ్లాక్ బాక్స్ దొరకలేదంటే మాయం చేశారని కాదు, సెస్నా 152 అంత చిన్న విమానంలో అది ఉండాలన్న నియమమే లేదు. సీటుతో సహా ఎగిరి బయటపడే ఏర్పాటు అందులో లేదు, కాబట్టి "ఎందుకు దూకలేదు" అని అడగకండి. ఇంజిన్ ఆగగానే రాయిలా పడిపోదు, వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారుతూ పోగలదు. నేర్చుకునేవాళ్లను ఒంటరిగా పంపడం నిర్లక్ష్యమూ కాదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావాల్సిన 200 గంటల్లో 100 గంటలు తామే కెప్టెన్‌గా నడపాలి, ఒంటరి ప్రయాణాలు ఆ చదువులో భాగం.

ఆకాశం నుంచి పడిందల్లా విమానం కూడా కాదు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగిన వింత గోళాన్ని చూడటానికి జనం విరగబడ్డారు. అది ఒక స్పెయిన్ కంపెనీ హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి పంపిన ప్రయోగ పరికరం. ఆ కేంద్రం బెలూన్లు ఎగరేసే ముందు ఇచ్చే ప్రకటనల్లో మన జిల్లాల పేర్లూ ఉంటాయి. పారాచూట్‌తో దిగిన పెట్టె కనిపిస్తే తెరవకండి. కొన్నింటిలో హై వోల్టేజి ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అది నడవడం మొదలైతే మన మూడు జిల్లాల మీద రాకపోకలు పెరుగుతాయి. కాబట్టి ఇప్పుడే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. విమానం పొలంలో పడితే ముందు మనుషుల్ని చూడండి. మోకిల పైలట్ బతికినట్టే లోపలివాళ్లు బతికి ఉండవచ్చు. సెస్నా రెక్కల్లోనే ఇంధనం ఉంటుంది, అది పెట్రోలులా అంటుకుంటుంది, దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకండి. ట్రాక్టర్లు, బండ్లు పక్కకు తీసి అంబులెన్స్‌కు దారి ఇవ్వండి. ప్రాణం కాపాడటానికి తప్ప ఒక్క రేకు ముక్కను కూడా కదపకండి, ఏ ముక్క ఎక్కడ పడిందన్నదే దర్యాప్తుకు ఆధారం. 112కు ఫోన్ చేసి ఊరు, మండలం, పొలానికి దారి, విమానం మీద కనిపించిన అక్షరాలు చెప్పండి. లోపల ఎంతమందో తెలియకపోతే తెలియదనే చెప్పండి. కూలేముందు వీడియో తీసినవాళ్లు దాన్ని గ్రూపులో పెట్టకుండా పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. బ్లాక్ బాక్స్ లేని విమానానికి ఇంజిన్ మోత ఎప్పుడు ఆగిందో చెప్పే సాక్ష్యం ఒక్కోసారి ఆ వీడియోనే.