కాలు తీయకముందు అడగవలసిన మాట

"నాలుగడుగులు వేసేసరికి పిక్కలు పట్టేస్తున్నాయండీ, కాసేపు ఆగితే తగ్గిపోతుంది. వయసైపోయింది గదా!" అనే మాట మన ఊళ్ళలో తరచుగా వింటాము. వాతమనుకొని తైలం రాసుకొని ఊరుకొంటారు. కాని నడిస్తే వచ్చి, ఆగితే పోయే ఈ నొప్పి, కాలికి రక్తం చాలడం లేదనే హెచ్చరిక కావచ్చు.

పంట కాలువలో పూడిక చేరినట్లు, రక్తనాళాల గోడలకు కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. చుట్ట, బీడీ తాగేవారికి, షుగర్ జబ్బు, రక్తపోటు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. అశ్రద్ధ చేస్తే పాదం మీద పుండు మానదు, వేళ్ళు నల్లబడతాయి.

1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో 82 ఏళ్ళ వృద్ధురాలికి ఇదే స్థితి వచ్చింది. కాలు తీసివేయాలన్నారు. ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. అప్పుడు డాక్టర్ చార్లెస్ డాటర్ ఆమె తొడలోని రక్తనాళంలోకి సన్నని తీగను పంపి, దాని మీదుగా గొట్టాలను జొనిపి, ఇరుకైన చోటును వెడల్పు చేశారు. పాదం వెచ్చబడింది. ఆ తరువాత బ్రతికిన రెండేళ్ళకు పైగా ఆమె తన కాళ్ళ మీదనే నడిచింది. 1974లో జ్యూరిచ్‌లో డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఈ పనికి బెలూన్‌ను వాడారు.

నేడు సాధారణంగా గజ్జ దగ్గర ఆ చోటుకు మాత్రమే మత్తు ఇచ్చి, సూది రంధ్రం గుండా బెలూన్‌ను పంపి, ఉబ్బించి దారి తెరుస్తారు. అవసరమైతే స్టెంటు అనే సన్నని వల గొట్టాన్ని అమర్చుతారు. అయితే ఇది అందరికీ సరిపడదు. తొలిదశలో మందులు, రోజూ నడక చాలవచ్చు. కొందరికి బైపాస్ ఆపరేషనే మేలు. చీము, విషం పైకి పాకితే కాలు తీయడమే ప్రాణరక్షణ కావచ్చు. తెరిచిన నాళం మళ్ళీ మూసుకుపోవచ్చు గనుక పొగాకు మానాలి, మందులు ఆపకూడదు.

కాబట్టి డాక్టరుగారిని, "పాదంలో నాడి అందుతోందా?" అని అడగండి. చేతిలోను, చీలమండ దగ్గరను రక్తపోటు పోల్చి చూసే పరీక్ష సులభమైనది. కాలు తీయాలంటే, "రక్తనాళాన్ని తెరిచే మార్గం ఉందా?" అని తప్పక అడగండి. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పి పెడితే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మందిరానికి నడిచి రాలేక ఇంటి అరుగు మీదనే ఉండిపోయిన పెద్దలు మీ సంఘంలో ఉన్నారా? ఈ వారం వెళ్ళి, ఒకసారి వారి పాదాలు చూడండి.