పంట వచ్చింది, వంట రాలేదు

అనకాపల్లి జిల్లాలోని మాడుగుల పేరు వినగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది హల్వా. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియనిచ్చి, చక్కెర, నెయ్యి చేర్చి గంటల తరబడి కలియబెడుతూ వండే ఈ మిఠాయికి మూలమైన గోధుమ మాడుగుల పొలాల్లో పండే పంట కాదు; బయటి నుంచి వచ్చిన గింజకు తగిన వంటపద్ధతి కుదిరినందువల్లే అది ఆ ఊరి పేరుతో స్థిరపడింది. ఊరి వెనుక నిలిచిన తూర్పు కనుమల్లో ఇందుకు పూర్తిగా భిన్నమైన స్థితి ఉంది. మాడుగుల దాటి ఘాట్ రోడ్డెక్కి పాడేరు మీదుగా చింతపల్లి వైపు సాగే మార్గంలో గిరిజన రైతుల చేలల్లో మొక్కజొన్న, రాజ్‌మా, కూర గుమ్మడి పండుతాయి. ఈ మూడూ అమెరికా ఖండాల్లో పుట్టి, అక్కడి ఆదివాసులు వేల ఏళ్లు సాకిన పంటలు. విత్తనాలు సముద్రాలు దాటి వచ్చాయి గాని, వాటిని కలిపి వండే విద్య వాటితో పాటు రాలేదు. ఆ విద్య నేటికీ సజీవంగా ఉన్న అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు దానిని తమ వంటింట్లోకి తెచ్చుకోవడానికి అందరికన్నా అనువైన చోట ఉన్నాయి.

మొక్కజొన్నను సుమారు 9000 ఏళ్ల క్రితం నేటి దక్షిణ మెక్సికోలోని బల్సాస్ నదీలోయలో, టియోసింటే అనే అడవి గడ్డి నుంచి మనుషులు సాగులోకి తెచ్చుకున్నారు. గుమ్మడి సాగు అంతకన్నా పాతది. రాజ్‌మాను మధ్య అమెరికాలో ఒకసారి, ఆండీస్ పర్వతాల్లో మరొకసారి, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా మచ్చిక చేసుకున్నారు. 1492లో కొలంబస్ ప్రయాణం తరువాత ఈ గింజలు ఐరోపా చేరి, అక్కడి నుంచి పోర్చుగీసు వర్తకుల ద్వారా భారతదేశపు తీరాలకు వచ్చాయి. తెలుగునాట అనాదిగా ఉన్న చిక్కుడు, బూడిద గుమ్మడి వేరు జాతులకు చెందినవి. వాటికి భిన్నంగా అమెరికా మూలం గలవి రాజ్‌మా, కూర గుమ్మడి అన్న సంగతి వంట చేసేవారు గుర్తుంచుకోవాలి.

నేటి న్యూయార్క్ రాష్ట్ర ప్రాంతంలో నివసించిన, ఫ్రెంచివారు ఇరొక్వా అని పిలిచిన హోడెనొషోనీ తెగల సమాఖ్య ఈ మూడు పంటలను ముగ్గురు అక్కచెల్లెళ్లుగా భావించి ఒకే మట్టిదిబ్బ మీద నాటేది. మొక్కజొన్న కాండం రాజ్‌మా తీగకు ఊతమవుతుంది. రాజ్‌మా వేళ్ల బొడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలలో నిలుపుతాయి. గుమ్మడి వెడల్పాటి ఆకులు నేలను కప్పి తేమను కాపాడుతూ కలుపును అణచివేస్తాయి. పోడు సాగులో చోడి, సామ, కంది కలిపి చల్లే తూర్పు కనుమల రైతుకు ఈ ఆలోచన కొత్తది కాదు. పొలంలోని పొత్తు కంచంలోనూ కొనసాగుతుంది. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలలో లైసిన్, ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో తక్కువ. లైసిన్ సమృద్ధిగా ఉన్న రాజ్‌మాలో మెథియోనిన్ తక్కువ. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది గనుక రెండూ కలిసిన భోజనం మాంసకృత్తుల విషయంలో దాదాపు సంపూర్ణమవుతుంది.

అయితే ఈ వంటలకు అసలైన ఆయువుపట్టు సున్నం. మెక్సికో, మధ్య అమెరికా ప్రజలు ఎండిన మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో, ఉత్తరాన ఉన్న అనేక తెగలవారు కట్టె బూడిద నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగిన తరువాతే వండుతారు. ఈ ప్రక్రియను నిక్స్‌టమలీకరణం అంటారు. దీనివల్ల గింజ మీది గట్టి పొట్టు ఊడిపోతుంది, పిండికి జిగురు వస్తుంది, అన్నిటికీ మించి గింజలో బిగిసి ఉన్న నియాసిన్ అనే బి విటమిన్ విడివడి శరీరానికి అందుతుంది. ఐరోపావారు గింజను తీసుకుపోయి ఈ పద్ధతిని వదిలివేసిన ఫలితం దారుణమైంది. మొక్కజొన్న మీదనే ఆధారపడిన పేదలకు చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చలించే పెల్లాగ్రా వ్యాధి వచ్చింది. 1735లోనే స్పెయిన్ వైద్యుడు గాస్పార్ కసాల్ దాని లక్షణాలను గుర్తించాడు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ ఈ వ్యాధి వేలమందిని బలిగొంది. 1914 నుంచి దానిని పరిశోధించిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అది అంటువ్యాధి కాదని, ఆహారలోపమని నిరూపించగా, 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ ఆ లోపం నియాసిన్‌దేనని తేల్చాడు.

ఈ కథలో తెలుగునేలకూ ఒక అధ్యాయం ఉంది. తెలంగాణలో జొన్న ప్రధానాహారంగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించడాన్ని హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయానికి చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య అధ్యయనం చేసి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండడమే అందుకు కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. మొక్కజొన్నలోనూ లూసిన్ ఎక్కువే. ఏ ధాన్యమైనా ఒంటరిగా కడుపు నింపితే ఏమవుతుందో తెలుగువారు ఇంత దగ్గరగా చూశారు గనుక, సున్నపు నీటి విలువ వారికి వేరొకరు చెప్పనవసరం లేదు.

ఇంట్లో ఈ పని కష్టమైనది కాదు. కిలో ఎండు మొక్కజొన్నకు సుమారు 10 గ్రాముల తినే సున్నం, మూడు లీటర్ల నీరు చాలు. మెక్సికన్ దుకాణాల్లో ఈ సున్నం పొడిగా దొరుకుతుంది. పశువుల దాణాకు అమ్మే గింజలు గాని, మందు పూసిన విత్తనాలు గాని ఎంతమాత్రం వాడరాదు. సున్నానికి అల్యూమినియం పడదు కాబట్టి స్టీలు పాత్రలోనే ముప్పావుగంట సన్నసెగ మీద ఉడికించి, రాత్రంతా అలాగే ఉంచి, తెల్లవారి మూడునాలుగు నీళ్లలో పొట్టు పోయేలా అరచేతులతో రుద్ది కడగాలి. ఆ గింజను మళ్లీ మెత్తగా ఉడికిస్తే హామినీ అవుతుంది. మళ్లీ ఉడికించకుండా, కొద్దికొద్దిగా, వీలైనంత తక్కువ నీటితో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్లో వేస్తే మాసా అనే ముద్ద తయారవుతుంది. తీరిక లేనివారికి మాసా హరీనా పేరుతో అమ్మే సిద్ధపిండి ఉంది. మామూలు మొక్కజొన్న పిండి దానికి బదులు పనికిరాదు, ఎందుకంటే సున్నం తగలని పిండి నీటితో కలిపినా ముద్ద కట్టదు.

రాజ్‌మా విషయంలో జాగ్రత్త మరింత అవసరం. పచ్చి రాజ్‌మాలో, ముఖ్యంగా ఎర్ర గింజలో, లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. నాలుగైదు గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టవచ్చు. రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం 30 నిమిషాలు తెర్లేలా మరిగించాలి, లేదా ప్రెషర్ కుక్కర్లో ఉడికించాలి. అమెరికా ఇళ్లలో సాధారణమైన స్లో కుక్కర్లో పచ్చి గింజలను నేరుగా వేయడం ప్రమాదకరం. మరుగుస్థాయికి చేరని వేడి ఆ విషాన్ని తొలగించదు సరికదా, తీవ్రం చేయవచ్చు.

ఈ సన్నాహాలు పూర్తయ్యాక వంటలు సులువే. న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు నారగాన్‌సెట్ ప్రజల నుంచి వలసవారు నేర్చుకున్న సకొటాష్‌లో లేత మొక్కజొన్న గింజలు, విడిగా ఉడికించిన రాజ్‌మా గింజలు, కూర గుమ్మడి ముక్కలు కొద్ది నూనెలో మగ్గితే చాలు. పొత్తుల నుంచి గింజలు వలిచిన తరువాత బెండ్లను పారవేయక నీటిలో మరిగించి ఆ రసాన్నే కూరలో పోస్తే రుచి రెట్టింపవుతుంది. చెరొకీ ప్రజల రాజ్‌మా రొట్టె ఇంకా విశేషమైనది. రెండు వంతుల మాసాకు ఒక వంతు ఉడికిన గింజలు, అవి ఉడికిన వేడి నీరు చేర్చి ముద్ద చేసి, పొత్తు మీది ఆకుతొడుగుల్లో చుట్టి, నారతో కట్టి, మరిగే నీటిలో దాదాపు గంటసేపు ఉడికిస్తారు. పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండే తెలుగువారికి ఈ చుట్టడంలోని ఒడుపు వెంటనే పట్టుబడుతుంది. ముందే ఉప్పు వేస్తే రొట్టె విడిపోతుందని చెరొకీ వంటవారు దానిని తినేటప్పుడే చేర్చుకుంటారు. ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టాలన్న కోరిక తెలుగువారికి సహజమే గాని, మొదటిసారి మాత్రం ఈ వంటలను వాటి సొంత రుచితోనే తినడం న్యాయం. సున్నపు నీటిలో ఉడికిన మొక్కజొన్నకు మట్టివాసన కలిసిన కమ్మదనం ఒకటి ఉంది, అది తాలింపు కింద అణగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పండే మొక్కజొన్నలో అధికభాగం నేడు కోళ్ల దాణాకు, పిండిపదార్థాల పరిశ్రమకు పోతున్నది. మనుషుల భాగానికి వచ్చేసరికి కాల్చిన పొత్తు, ఉడికించిన పొత్తు, జావ తప్ప వంటలు విస్తరించలేదు. కొండ మీది రాజ్‌మా కూడా పండించినవారి కంచంలో కన్నా దూరపు మార్కెట్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. తాంబూలానికి సున్నం వాడే ప్రతి ఊరిలోనూ ఈ పద్ధతికి కావలసిన సరంజామా సిద్ధంగానే ఉంది. స్వగ్రామానికి వెళ్లే ప్రవాసులు మాడుగుల హల్వా పెట్టెలతో తిరిగి రావడం ఆనవాయితీ. వెళ్లేటప్పుడు ఈ వంటపద్ధతిని తీసుకుపోయి బంధువుల ఇంట ఒక్కసారి వండి చూపాలి, వచ్చేటప్పుడు కొండ రైతుల రాజ్‌మాను వారి దగ్గరే కొనాలి. అమెరికాలోని తెలుగు సంఘాల వేడుకల భోజనాల్లోనూ ఒక పూట రాజ్‌మా రొట్టెకు చోటిచ్చి, అది చెరొకీ ప్రజల వంట అని వడ్డన బల్ల మీద తెలుగులో రాసి పెట్టడం నిర్వాహకులు వెంటనే చేయగలిగిన పని.