సూదికి ముందు ఒక్క రక్తపు చుక్క

వానాకాలం వస్తే చాలు, మా కర్నూలు, కడప వైపు ఇంటికొకరు జ్వరంతో పడుకుంటారు. అప్పుడు వినిపించే సలహా ఒకటే: "యాంటీబయాటిక్ ఏసుకో, రెండు దినాల్లో తగ్గిపోతాది." కానీ ఆ జ్వరం వైరస్‌దైతే ఆ మాత్ర దండగ. పైగా ఒంట్లోని బ్యాక్టీరియా ఆ మందుకు మొండికేస్తుంది. రేపు నిజంగా అవసరమైన రోజున అది పనిచేయదు.

మరి జ్వరం ఎవరిదో తెలిసేదెట్లా? మన రక్తమే చెబుతుంది.

1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మాన్ ఇంటర్‌ఫెరాన్‌ను కనిపెట్టారు. వైరస్ సోకిన కణం "దొంగ వచ్చినాడు, తలుపులేసుకోండి" అని పక్క కణాలకు వేసే కేక అది. ఆ కేక విన్న కణాలు తయారుచేసుకునే ఆయుధాల్లో ఒకటి ఎంఎక్స్‌ఏ ప్రొటీన్. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రక్తంలో చాలా తక్కువ. వైరస్ వస్తే గంటల్లో పెరుగుతుంది. బ్యాక్టీరియా జ్వరాల్లో సాధారణంగా అంత పెరగదు.

దాన్ని పట్టేది ల్యాబ్‌లో తయారుచేసిన యాంటీబాడీ. ఒకే లక్ష్యాన్ని పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలను తయారుచేసే దారిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ చూపించారు. కోవిడ్ కిట్ గుర్తుందిగా? అదే పద్ధతి. ఒక యాంటీబాడీ ప్రొటీన్‌ను పట్టి ఆపుతుంది, రెండోది రంగు మోసుకొచ్చి గీత చూపిస్తుంది. అయితే ఎంఎక్స్‌ఏకు ఎంఎక్స్‌బీ అనే దగ్గరి పోలికల తమ్ముడున్నాడు. యాంటీబాడీ వాణ్ణి పట్టుకుంటే రిజల్ట్ తప్పు. అందుకే కిట్ విలువంతా యాంటీబాడీ నాణ్యతలోనే ఉంది.

ఫెబ్రిడిఎక్స్ అనే కిట్ ఇట్లాంటిదే. వేలి రక్తంలో ఎంఎక్స్‌ఏతో పాటు సీఆర్‌పీని కూడా చూసి సుమారు 10 నిమిషాల్లో చెబుతుంది. శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల కోసం అమెరికా ఎఫ్‌డీఏ 2023లో దీనికి అనుమతిచ్చింది.

ఒక సంగతి మరవొద్దు. ఎంఎక్స్‌ఏ "వైరస్ వచ్చింది" అంటుందే తప్ప, "డెంగీ" అనో "ఫ్లూ" అనో పేరు చెప్పదు. లూపస్ లాంటి జబ్బుల్లోనూ పెరుగుతుంది. డెంగీ అనుమానముంటే మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా పరీక్షే దారి.

ఇట్లాంటి కిట్ మన మండలం పీహెచ్‌సీ టేబుల్ మీదుంటే ఎన్ని అనవసరపు సూదులు తప్పుతాయో ఆలోచించండి. అందాకా చీటీ చేతికి రాగానే డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: "సార్, ఇది వైరస్ జ్వరమా? యాంటీబయాటిక్ నిజంగా కావాల్నా?"