‘అయ్యగారు’ కాని అయ్యగారు

* తరగతిలో ఇంగ్లిష్.. బజారులో తమిళం.. ప్రసంగ పీఠంపై తెలుగు
* సరిహద్దు సంఘాల్లో లూథరన్ సెమినరీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్

సొంత ఊళ్లో అతడు ఫలానా వాళ్ల అబ్బాయి. సెమినరీలో హాజరు పట్టీలో ఒక పేరు. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఊళ్లో మాత్రం బస్సు దిగిన రోజే ‘అయ్యగారు’ అయిపోతాడు. వయసు ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటుంది. తల నెరిసిన సంఘ పెద్దలు లేచి నిలబడి మరీ వందనాలు చెబుతారు. తానింకా అయ్యగారు కాదని అతడికి తెలుసు. వాళ్లకూ తెలుసు. అయినా పిలుపు మాత్రం అదే. ఆ పిలుపుకు తగినవాడు అవుతాడా, కాడా తేల్చుకోవడానికి పెట్టిన కాలమే ఇంటర్న్‌షిప్.

లూథరన్ సంఘాల్లో గురువు కావాలంటే పుస్తకాల చదువు ఒక్కటే చాలదు. అనుభవం ఉన్న పాస్టరు దగ్గర ఉండి, సంఘం మధ్య తిరిగి, పని నేర్చుకోవాలి. ఇది ఎంతకాలం అన్నది సంఘాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల సెలవుల్లో కొన్ని వారాలే. మరికొన్నిచోట్ల చదువు అయ్యాక నెలల తరబడి ఉండాలి. కాలేజీ జరుగుతున్నప్పుడు కూడా శని, ఆదివారాల్లో దగ్గర్లోని ఏదో ఒక సంఘానికి వెళ్లి రావడం తప్పదు.

తడ దాటి ఆరంబాకం, గుమ్మిడిపూండి మీదుగా చెన్నై దాకా ఉన్న తెలుగు కుటుంబాల మధ్య ఈ పని ఇంకాస్త కష్టం. ఇక్కడ ఇంటర్న్ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ప్రసంగం కాదు. భాష.

చదువు చెన్నైలో.. పట్టా శ్రీరాంపూర్‌ది

దక్షిణాదిలో లూథరన్ విద్యార్థులకు పెద్ద చదువుల చోటు చెన్నై కీల్పాక్‌లోని గురుకుల్ లూథరన్ థియలాజికల్ కాలేజీ. దేశంలోని వేర్వేరు లూథరన్ సంఘాల విద్యార్థులు ఇక్కడికి వస్తారు. తమిళులు, తెలుగువారు, ఒడియావారు, ఛోటానాగపూర్ ఆదివాసీలు ఒకే భోజనశాలలో కూర్చుంటారు. అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లిషే. తెలుగు సంఘాలకు హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ కూడా ఉంది. 1964లో రాజమండ్రిలో వివిధ సంఘాలు కలిసి పెట్టుకున్న ఆ కాలేజీ తరువాత హైదరాబాద్‌కు తరలింది. బీడీ పట్టా ఇచ్చేది మాత్రం కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్ కాలేజీ సెనెట్. 1818లో మొదలైన ఆ కాలేజీకి పట్టాలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు శాసనం ద్వారా దక్కింది.

గ్రీకు, హెబ్రీ, సంఘ చరిత్ర, ఇతర మతాల పరిచయం, సమాజ విశ్లేషణ. ఇవన్నీ చదివిన కుర్రాడు, లేదా అమ్మాయి, ఒక శనివారం సాయంత్రం లోకల్ రైలెక్కి సరిహద్దు పల్లెకు వస్తారు. మరునాడు ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నోట్సు ఇంగ్లిష్‌లో ఉంటుంది. చేతిలోని బైబిలు గ్రాంథిక తెలుగులో ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ‘యాడ, ఆడ, ఈడ’ అనే తెలుగులో మాట్లాడుకుంటారు. మధ్య మధ్య తమిళం. ఈ మూడింటినీ ఒక గాడిన పెట్టడం ఏ తరగతిలోనూ చెప్పరు.

‘విశ్వాసమూలముగా నీతిమంతులుగా తీర్చబడుట’ లూథరన్ బోధకు గుండెకాయ. పరీక్షలో దాని మీద నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. మంచాన పడిన ముసలమ్మ పక్కన కూర్చున్నప్పుడు ఆ మాట పనికిరాదు. నువ్వు మంచి చేశావా, చెడు చేశావా అన్న లెక్క మీద దేవుడు నిన్ను దగ్గరికి తీయడు తల్లీ అని ఆమె మాటల్లో చెప్పగలగాలి. అలా చెప్పగలిగిన రోజునే ఆ నాలుగు పేజీలు నిజంగా అర్థమైనట్టు.

చేయొచ్చు.. చేయకూడదు

ఇంటర్న్ ప్రసంగం చేయవచ్చు. పాఠాలు చదవవచ్చు. ఇళ్లకు, ఆస్పత్రులకు వెళ్లి ప్రార్థన చేయవచ్చు. పిల్లలకు, యువకులకు తరగతులు నడపవచ్చు. కానీ బాప్తిస్మం ఇవ్వకూడదు. సంస్కారం బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తానై పంచడానికి నిలబడకూడదు. తెల్లంగీ వేసుకున్నా మెడలో స్టోల్ ఉండదు. అది అభిషేకం పొందిన గురువు గుర్తు.

ఈ కట్టుబాటు నిన్న మొన్నటిది కాదు. 1530లో లూథరన్లు రాసుకున్న ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో 14వ అంశం ఇదే చెబుతుంది. సంఘం పద్ధతి ప్రకారం పిలుపు అందుకోనివారు బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు జరిపించకూడదు. ఇంటర్న్ ప్రసంగం చేసేది కూడా పాస్టరు అనుమతితోనే, ఆయన బాధ్యత మీదనే.

పెళ్లి సంగతి చట్టంతో ముడిపడింది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం ఉన్నవారే పెళ్లి జరిపించాలి. కాబట్టి ఇంటర్న్ పాట పాడొచ్చు, వాక్యం చదవొచ్చు. రిజిస్టరులో సంతకం మాత్రం పాస్టరుదే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పాస్టరు ఒక్కరే ఉండి పల్లెలు ఎక్కువైనప్పుడు. ఒకే పారిష్ కింద నాలుగైదు చిన్న సంఘాలు ఉండటం మామూలే. ఆదివారం పాస్టరు ఒక ఊళ్లో ఉంటే, ఇంటర్న్ మరో ఊళ్లో ఉంటాడు. అక్కడ సంస్కారం కోసం చూసేవాళ్లు వచ్చే వారం దాకా ఆగాలి. ఆ మాట చెప్పాల్సింది ఇంటర్నే. ‘అయ్యగారూ, మీరే ఇచ్చేయండి’ అని బతిమాలితే కాదనడం కూడా శిక్షణలో భాగమే.

నోటికి తెలుగు.. కంటికి తమిళం

సరిహద్దు అవతలి తెలుగు ఇళ్లలో అసలు కష్టం కన్ఫర్మేషన్ తరగతిలో బయటపడుతుంది. లూథరన్ సంఘంలో పిల్లలు సంస్కారంలో పాలు పొందే ముందు లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి నేర్చుకోవాలి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం. ఈ ఆరు భాగాలకు ప్రశ్న, జవాబు. బట్టీ పట్టి ఒప్పజెప్పాలి.

పిల్లలు తెలుగు మాట్లాడతారు. అమ్మతో, అవ్వతో తెలుగే. కానీ చదవలేరు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల విద్యార్థుల విషయం కోర్టుల దాకా వెళ్లింది. చాలా ఇళ్లలో అంతకు ముందు నుంచే తెలుగు అక్షరం జారిపోయింది. ఉద్యోగాలు, చదువులు తమిళంలో, ఇంగ్లిష్‌లో ఉన్నాయి కాబట్టి తల్లిదండ్రులను తప్పు పట్టలేం.

అందుకే ఇంటర్న్‌లకు దొరికే దారి ఒకటుంది. తెలుగు జవాబులను తమిళ లిపిలో రాసివ్వడం. పాటల కాగితాలూ అలాగే. కానీ తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ, భ లకూ ఒకటే. ‘గురువు’ అని రాస్తే ‘కురువు’ అని చదవొచ్చు. ‘భయం’ రాస్తే ‘పయం’ అవుతుంది. ‘బలి’ కాస్తా ‘పలి’. ముందు నోటితో పదిసార్లు పలికించి, తరువాత కాగితం ఇస్తే కొంత నయం. చెవి సరిగ్గా పట్టుకున్న మాటను కన్ను చెడగొట్టదు.

వారానికి ఒక గంట అదనంగా పెట్టి తెలుగు అక్షరాలే నేర్పడం రెండో దారి. అ, ఆ ల నుంచి మొదలు. దీనికి ఓపిక కావాలి. ఇంటర్న్ వెళ్లిపోయాక నడిపించేవాళ్లు కావాలి. లేకపోతే గుణింతాల దాకా వచ్చిన పిల్లలు మళ్లీ అక్కడే ఆగిపోతారు.

మొదటి విద్యార్థి జర్మన్

మద్రాసులో తెలుగు నేర్చుకోవడానికి తంటాలు పడిన లూథరన్ ఈనాటివాడే కాదు. తరంగంబాడిలో 1706లో మొదలైన లూథరన్ మిషన్ నుంచి బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ 1726లో మద్రాసు వచ్చాడు. పట్నంలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారని చూసి తెలుగు నేర్చుకున్నాడు. 1728 నాటికి తెలుగు వ్యాకరణం రాశాడు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులోకి తెచ్చాడు. అది 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయింది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాల గురించి మాట్లాడేటప్పుడు పండితులు చెప్పేది ఈ హాలే పుస్తకాల గురించే.

అంటే ఇవాళ గుమ్మిడిపూండి వైపు పిల్లలు తెలుగులో చదవలేకపోతున్న ప్రశ్నోత్తరి, తెలుగు అచ్చు చరిత్ర మొదటి పేజీలోనిది.

అసలు ఆ పుస్తకం పుట్టిందే పల్లెల పర్యటన నుంచి. 1528లో లూథర్ సాక్సనీ ప్రాంతపు సంఘాలను చూడబోయాడు. జనానికే కాదు, చాలామంది గురువులకు కూడా ప్రాథమిక విషయాలు తెలియవని గ్రహించాడు. 1529లో ఇళ్లలో చెప్పుకోవడానికి వీలైన చిన్న ప్రశ్నోత్తరి రాశాడు.

గుంటూరు వైపు చరిత్రా ఇలాంటిదే. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన తొలి మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. అప్పటికి ఆయన వయసు 49. ఆ వయసులో కొత్త భాష. అమెరికా తిరిగి వెళ్లాక మళ్లీ 76 ఏళ్ల వయసులో రాజమండ్రి వచ్చాడు. సూళ్లూరుపేట వైపు 1860ల్లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్లు పని మొదలుపెట్టారు. అందుకే తిరుపతి, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల్లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఉంది.

పుస్తకంలో లేని పాఠాలు

ఇంటర్న్‌కు ఎదురయ్యే ప్రశ్నలన్నీ వేదాంతం కావు. చావు జరిగిన ఇంట్లో మొదట అడిగేది వాక్యం గురించి కాదు. గొయ్యి ఎక్కడ తవ్వాలి అని. సమాధుల స్థలం చాలక, దారి లేక, హద్దుల గొడవల్లో పడి బాధపడే సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పాస్టరు వెంట తిరిగి తహసీల్దారు ఆఫీసు గుమ్మం ఎక్కడం, ఊరి పెద్దలతో నెమ్మదిగా మాట్లాడటం అక్కడే నేర్చుకోవాలి.

కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చేవాళ్లు ఇంకొందరు. లూథరన్ సంఘాల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు. రాష్ట్రం మారితే పద్ధతీ మారుతుంది. అటు పుట్టి ఇటు కాపురానికి వచ్చిన ఇల్లాలి పిల్లలకు ఏ పత్రం, ఎక్కడ అన్నది తల తిరిగే వ్యవహారం. బాప్తిస్మపు రిజిస్టరు తీసి పేరు, తేదీ వెతికిపెట్టేది తరచూ ఇంటర్నే. పాత రిజిస్టర్లు తెలుగులో ఉంటాయి కాబట్టి అవి చదవగలిగినవాడు కావాలి.

అమెరికాలో లూథరన్ సెమినరీ చదువు సాధారణంగా నాలుగేళ్లు. అందులో ఒక ఏడాది మొత్తం ఏదో ఒక సంఘంలో గడపాలి. మిస్సోరి సినడ్ సంఘాల్లో దీన్ని వికరేజ్ అని, విద్యార్థిని వికార్ అని పిలుస్తారు. మరో పెద్ద సంఘమైన ఈఎల్‌సీఏలో పాస్టరుతో పాటు సంఘ సభ్యుల చిన్న కమిటీ కూడా విద్యార్థి పని చూసి అభిప్రాయం రాస్తుంది. మన వైపు అలాంటి కమిటీ లేకపోయినా లోటేం లేదు. చర్చి బయట చెప్పులేసుకునే లోపే ప్రసంగం ఎలా ఉందో పది మంది చెప్పేస్తారు.

ఒడిశా వైపు ఇంకో రకం

ఉత్తరాన కథ కాస్త మారుతుంది. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీలతో మొదలైన జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘంలో ఆరాధన ఒడియాలో ఉంటుంది. కోరాపుట్, రాయగడ ప్రాంతాల తెలుగు ఇంటి నుంచి సెమినరీకి వెళ్లిన విద్యార్థికి పీఠంపై ఒడియా, ఇంట్లో తెలుగు, కొండ పల్లెల్లో కువి లాంటి మరో భాష. అక్కడ తెలుగు ఎక్కువగా బతికేది పాటలో. పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఆయన లూథరన్ కాకపోయినా ఏ సంఘమూ ఆ పాటలను పరాయివి అనుకోదు.

సంఘం చేతిలో ఏముంది?

ఇంటర్న్‌కు ఇచ్చేది దారి ఖర్చులు, కాస్త భృతి. భోజనం ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో. తోటి డిగ్రీ విద్యార్థులు శ్రీసిటీలోనో, చెన్నై కంపెనీల్లోనో నెల జీతం తీసుకుంటుంటే ఇంట్లోవాళ్ల నుంచి మాటలు రాకమానవు. ఈ కాలంలోనే కొందరు ఈ పని మనది కాదని తేల్చుకుంటారు. అలా తేల్చుకోవడం ఓటమి కాదు. ఇంటర్న్‌షిప్ పెట్టింది అందుకు కూడా. ఉండిపోయేవారిలో తెలుగు చదివి, తమిళం మాట్లాడి, రెండు వైపులా తిరగగలిగినవారు సరిహద్దు సంఘాలకు చాలా అవసరం.

వచ్చిన కుర్రాడికి వందనాలు, విందు భోజనాలు ఎలాగూ దక్కుతాయి. అతడు మొదలుపెట్టిన అక్షరాల తరగతిని అతడు వెళ్లాక కూడా నడిపే ఒక టీచరమ్మనో, తెలుగు చదవగలిగిన ఒక తాతనో సంఘమే వెతికిపెట్టుకోవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట, ఒక నల్లబల్ల చాలు. వచ్చే ఏడాది మరో ఇంటర్న్ వస్తాడు. అప్పటికి పిల్లలు గుణింతాలు దాటి ఉంటే అతడు ప్రశ్నోత్తరిని తమిళ లిపిలో రాసివ్వాల్సిన పని ఉండదు.