అక్వేరియంలో చేప ఎందుకు దాక్కుంటుంది?

"చేపని తెచ్చి మూడు రోజులైంది, రాయి వెనకనుంచి బయటికే రావట్లేదు, చచ్చిపోతుందా?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం.

దాక్కోవడం జబ్బు కాదండీ. చిన్న చేపకి అది ప్రాణరక్షణ. షాపు నుంచి కవర్లో కుదుపులు తిని వచ్చిన చేప ముందు వెతుక్కునేది తిండి కాదు, చోటు. ఒకటి రెండు వారాలు ఓపిక పట్టండి. లైటు తగ్గించండి, అద్దం మీద కొట్టకండి.

కొన్నింటి స్వభావమే అంత. సక్కర్ ఫిష్, కూలీ లోచ్ రాత్రిపూట తిరిగేవి. వాటికి లైటు ఆపాక మేత వేయండి. నియాన్ టెట్రా గుంపులో బతికే చేప. రెండే తెచ్చి వేస్తే భయంతో మూలకే ఉంటాయి, కనీసం ఆరు ఉండాలి. గప్పీ, మోలీల్లో ఆడచేప పొట్ట నిండుగా ఉండి దాక్కుంటే పిల్లలు పెట్టబోతోందేమో చూడండి.

చేప కనబడట్లేదని కొంతమంది మొక్కలు, రాళ్లు తీసేస్తారు. అప్పుడు ఇంకా బెదిరిపోతుంది. పక్కనే దాక్కునే చోటు ఉందన్న ధైర్యం ఉంటేనే అది మధ్యలోకి వస్తుంది.

మరి ఎప్పుడు కంగారు పడాలి? నెలల తరబడి హాయిగా తిరిగిన చేప ఒక్కసారిగా దాక్కుంటే. అప్పుడు ముందు నీళ్లు టెస్ట్ చేయండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అమోనియా ఉండొచ్చు, కంటికి తెలియదు. అది మొప్పల్ని దెబ్బతీస్తుంది. కొత్త ట్యాంకు అయితే ఫిల్టర్లో మంచి బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆలోపే ఎక్కువ చేపలు వేస్తే ఈ సమస్య వస్తుంది. రీడింగ్ కనిపిస్తే మేత తగ్గించి, పావు వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపడం మర్చిపోవద్దు.

నీళ్లు బాగానే ఉన్నాయా? అయితే రెక్కలు చూడండి. చిరిగి ఉంటే ఇంకో చేప తరుముతోందేమో గమనించి వేరు చేయండి. ఒంటిమీద తెల్ల చుక్కలు, వేగంగా ఆడే మొప్పలు, మేత మానేయడం కనిపిస్తే ఇక ఆగకండి, వైద్యం మొదలుపెట్టాల్సిందే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.