డైనమో వేస్తే సైకిలు ఎందుకు బరువెక్కుతుంది?

రాయవరం నుంచి పసలపూడి వైపు రాత్రిపూట సైకిలు తొక్కినవాళ్ల కాళ్లకు ఈ సంగతి తెలుసు. చీకటి పడగానే దిగి డైనమో మీట నొక్కితే, స్ప్రింగు లాగి దాని తలను టైరుకు ఆనించేది. గుర్రుమని మోత. ముందు దీపం పసుప్పచ్చగా వెలిగేది, పెడలు బరువెక్కేది. వెనక కూర్చున్న నాకు నాన్నగారి ఊపిరిలో ఆ తేడా వినిపించేది. కాలువ వంతెన ఎక్కుతుంటే దీపం ఎర్రబడి, దిగుతుంటే తెల్లబడేది. ఆగితే చీకటే. వానాకాలంలో టైరు తడిసి డైనమో జారిపోతే, దిగి తుండుగుడ్డతో తుడిచేవారు.

ఆ సీసాలాంటి డబ్బాలో ఉన్నది తిరిగే అయస్కాంతం, చుట్టూ రాగితీగ చుట్ట, అంతే. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. ఆ కరెంటు పారగానే తీగచుట్ట కూడా అయస్కాంతంలా మారి, తిరిగేదాన్ని వెనక్కి లాగుతుంది. పెడలు బరువుకు ఒక కారణం అదే, టైరు రాపిడి మరొకటి. దీపం తీగ ఊడిపోయిన రోజున సైకిలు కాస్త తేలికయ్యేది కూడా. ఆరు వోల్టులు, మూడు వాట్లు: ఆ డైనమో సత్తా మొత్తం ఇది. దానికి అయిన ఖర్చు నాన్నగారు తిన్న అన్నంలోంచి వచ్చింది.

ఇప్పుడు సెల్‌ఫోను లెక్క చూద్దాం. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. ఆ డైనమోతో నింపాలంటే ఆరు గంటలకు పైగా ఆగకుండా తొక్కాలి. కండరం తిన్నదాంట్లో నాలుగో వంతునే పనిగా మారుస్తుంది, డైనమో అందులో సగం కూడా కరెంటుగా ఇవ్వదు. అంటే ఒక చార్జింగుకు ఇంచుమించు 125 గ్రాముల అన్నం. అదే గోడ ప్లగ్గులో పెడితే, యూనిట్ ఆరు రూపాయలనుకున్నా, పదిహేను పైసలు.

కొబ్బరి దింపు తీసేవాళ్లను అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది. అరవై కిలోల మనిషి పదిహేను మీటర్ల చెట్టెక్కితే చేసిన పని రెండున్నర వాట్ అవర్లు. ఒక్క చుక్క వృథా కాకుండా పట్టుకోగలిగినా, ఫోను నిండడానికి ఎనిమిది చెట్లెక్కాలి.

నడకతో కాదా? అమెరికాలోని ఎంఐటీలో థాడ్ స్టార్నర్ 1996లో ఈ లెక్కే వేశాడు. 68 కిలోల మనిషి మడమ అడుగుకు అయిదు సెంటీమీటర్లు దిగుతూ, సెకనుకు రెండడుగులు వేస్తే 67 వాట్లు. ఆశ పుట్టే అంకె. కానీ బూటు అయిదు సెంటీమీటర్లు కుంగితే దమ్ము చేసిన మడిలో నడిచినట్టే ఉంటుంది, ఎవరు తొడుక్కుంటారు? తర్వాత అక్కడివాళ్లే మడమ కింద పీజో ముక్క పెట్టి చేసిన బూటు ఇచ్చింది సగటున ఎనిమిది మిల్లీవాట్లు. దాంతో ఫోను నింపాలంటే రాత్రీపగలూ దాదాపు వంద రోజులు నడవాలి.

పీజో అంటే కొత్తదేం కాదు. గ్యాసు పొయ్యి లైటర్లో ఉండేది అదే. లోపల స్ప్రింగు సుత్తి పింగాణీలాంటి ముక్కను ఠక్కున కొడితే వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ దూకుతుంది. ఒత్తితే కరెంటు పుట్టే ఈ గుణాన్ని 1880లో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. వోల్టులు వేలల్లో ఉన్నా, శక్తి మాత్రం పిసరంతే.

అడుగేస్తే కరెంటిచ్చే నేలపలకల గురించి వార్తలు వచ్చినప్పుడల్లా నాకు కోనసీమలో కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, అక్కడికొచ్చే జనం గుర్తొస్తారు. అడుగుకు మూడు జౌళ్లు చొప్పున లక్ష అడుగులకు వచ్చేది పది వాట్ల బల్బుకు ఎనిమిది గంటల కరెంటు. పైగా జనం భుజాన మోసే ఆ ప్రభలు పొలాలకడ్డంపడి, కౌశిక కాలువ దాటి వస్తాయి. పలకలు ఎక్కడ పరుస్తారు!

అయితే అవసరమే చిన్నదైతే లెక్క తిరగబడుతుంది. క్వార్ట్జ్ గడియారానికి ఒక వాట్‌లో పది లక్షలవ వంతు చాలు, అందుకే చేతి ఊపుతో కరెంటు పుట్టించుకునే వాచీని సీకో కంపెనీ 1988లో అమ్మగలిగింది. గుండెకు పెట్టే పేస్‌మేకర్‌కు కావలసింది అలాంటి వంతులు పది. నొక్కిన దెబ్బకు పుట్టిన కరెంటుతోనే రేడియో సంకేతం పంపే స్విచ్చులు ఇప్పుడున్నాయి. వాటికి తీగా లేదు, బ్యాటరీ లేదు.

ఎల్‌ఈడీ అదే కరెంటుకు పాత బల్బుకంటే పదింతలు వెలుగిస్తుంది. అప్పుడే వచ్చి ఉంటే, టైరు రాపిడి సంగతి అలా ఉంచితే, ఆ వెలుగుకు మూడు వాట్లు అక్కర్లేదు, అందులో పదో వంతు సరిపోయేది. వంతెన మీద నాన్నగారికి అంత ఆయాసం వచ్చేది కాదు.